తోలు ఒరల చరిత్రము

అమెరికా పడమటి సీమల రివాల్వరు పేరు చెప్పగానే మన చదువరులకు తొడమీదికి జాఱిన యొరయు, రెప్పపాటులో నాయుధము దూయు వీరుడును దలపునకు వచ్చును. ఆ యొర చలనచిత్రముల కాలపుది. మేమును జిరకాలము దానినే చరిత్రమని నమ్మితిమి.

1847 నాటి వాకరు కోల్టు నాలుగున్నర పౌనుల బరువు. దానిని నడుమున మోయలేక జీను ముందఱి జంట సంచులలో నుంచిరి. 1851 నాటి నేవీ కోల్టు తేలికయైనది. దానితో ఒర నడికట్టునకు వచ్చినది. బంగారమునకై జనులు మూగిన కాలిఫోర్నియాలో జీనిగరలు ఆయుధపు టాకారమునకు సరిగా సన్నని యొరలు కుట్టి, పూలతీగెలు చెక్కి, తమ పేరు ముద్రించిరి. తోలు ముట్టినవాని నూరివెలుపల నుంచిన మనకిది వింతగ దోపకమానదు.

1870 తరువాత తూటాలు గ్రుచ్చు నడికట్లు వెడల్పయ్యెను. అప్పుడు ఒక్క తోలుముక్కనే ఒరగా గుట్టి, వెనుక మిగిలిన భాగమును నడికట్టు పట్టునట్లు క్రిందికి మడచి, అందు గోసిన చీలికలలో ఒరను దూర్చిరి. మెక్సికను ఒర యన నిదియే. ఆయుధ మందు లోతుగా దిగియుండును. వేగముగ దూయుట కాదు, దౌడుతీయు గుఱ్ఱముపైనుండి విలువగల సొత్తు నేల జాఱకుండుటయే వారికి ముఖ్యము. సైనికుల యొరకైతే దుమ్మును వానయు దగులకుండ మూతకూడ నుండెను.