దవడ ఎముకలోని రాచపుండు: దానిని గుర్తించిన చరిత్ర

పన్ను నొప్పి పుట్టినచో లవంగనూనె పూయుట, కదలినచో పీకించుకొనుట మనలో సామాన్యము. చాలమందికి అంతటితో బాధ తీరును. కాని మిక్కిలి అరుదుగా ఆ కదలికకు కారణము పంటిలో గాక, పన్ను నాటుకొనియున్న దవడ ఎముకలోనే ఉండును. అట్టి ఎముక క్యాన్సర్లలో ముఖ్యమైనది ఆస్టియోసార్కోమా. శరీరమున పుట్టు ఆస్టియోసార్కోమాలలో నూటికి 6 లేక 7 మాత్రమే దవడలకు వచ్చును. కాళ్ళ ఎముకలలో ఇది బడి ఈడు పిల్లలలో ఎక్కువ. దవడలో ముప్పది యేండ్ల ప్రాయమువారిలో ఎక్కువ. ఇంత అరుదైన వ్యాధిని గుర్తించుట వైద్యులు ఎట్లు నేర్చిరి?

1805లో అలెక్సిస్ బోయే అను ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఈ వ్యాధికి ఆస్టియోసార్కోమా అను పేరు పెట్టెను. ఆ కాలపు వైద్యునకు కన్ను, చేయి తప్ప వేరు సాధనము లేదు. చీముగడ్డ ఏదో, కంతి ఏదో పైనుండి తెలిసికొనుట కష్టము. 1858లో జర్మను శాస్త్రజ్ఞుడు విర్కో, రోగములకు మూలము జీవకణములలోనే వెదకవలెనని బోధించెను. అప్పటినుండి కంతి ముక్కను సూక్ష్మదర్శిని క్రింద చూచుట ప్రబలెను.

1895 నవంబరులో రాంట్‌జెన్ ఎక్స్ కిరణములను కనుగొనెను. రెండు నెలలు గడచునంతలో, 1896 జనవరిలో, ఒట్టో వాల్ఖోఫ్ అను దంతవైద్యుడు తన పండ్లనే ఫోటో తీయించెను. అందుకై 25 నిమిషములు కదలక ఉండవలసివచ్చినది! నేడు క్షణములో సగమైనను పట్టదు.

సాధనములు పెరిగినను చిక్కు తీరలేదు. ఒకే కంతిని వేర్వేరు వైద్యులు వేర్వేరు పేర్లతో పిలుచుచుండిరి. 1920 ప్రాంతమున అమెరికాలో కాడ్‌మన్ అను వైద్యుడు ఎముక సార్కోమాలకు ఒక పట్టిక ప్రారంభించెను. ప్రతి రోగి కథ, ఎక్స్‌రే పటము, కంతి ముక్క మూడును ఒకచోట చేర్చి పోల్చుట దాని పద్ధతి. ఇందు తోడ్పడిన ఎవింగ్ 1921లో మరియొక ఎముక క్యాన్సరును వేరుచేసి చూపెను. అది నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది. 1967లో గారింగ్టన్, ఆయన సహచరులు 56 మంది దవడ రోగులను పరిశీలించి, పంటివేరు చుట్టునుండు సన్నని సందు సమముగా వెడల్పగుట ఈ వ్యాధికి తొలి గుర్తు కావచ్చునని తెలిపిరి.

అయినను ఆ గుర్తు ఇతర వ్యాధులలోను కనిపించును. విరిగిన ఎముక అతుకుకొనునపుడు పుట్టు క్రొత్త ఎముకయు సూక్ష్మదర్శినిలో క్యాన్సరువలె భ్రమ గొల్పవచ్చును. ఆదోని మార్కెట్టులో ప్రత్తి కొనువాడు రంగు మాత్రమే చూచి ధర కట్టునా? పీచు లాగి పొడవు చూచును, తేమ చూచును. వైద్యుడును అట్లే రోగి కథ, ఎక్స్‌రే, ముక్కపరీక్ష మూడును కలిసిన పిదపనే తీర్పు చెప్పవలెను.

పేరు తప్పినచో చికిత్స తప్పును. దవడ ఆస్టియోసార్కోమాకు కంతిని సమూలముగా కోసి తీసివేయుట ప్రధానము. ఎవింగ్ కంతికి మందులును తప్పనిసరి. ఎక్స్ కిరణములు బయటపడిన 1895లోనే భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణలో, లెడర్లీ ప్రయోగశాలనుండి 1940 తరువాతి సంవత్సరములలో వెలువడిన మెథోట్రెక్సేటును, 1970 తరువాత ఎముక క్యాన్సర్లకు పెద్దమోతాదులలో వాడసాగిరి.

1953లో బళ్ళారి జిల్లానుండి కర్నూలు జిల్లాలో చేరిన ఆదోని తాలూకాకు పెద్ద వైద్యము దూరముగనే ఉండెను. మద్రాసు అడయారులో 1954లోను, హైదరాబాదులో 1955లోను క్యాన్సరు ఆసుపత్రులు వెలసెను. కర్నూలులో 1957లో వైద్యకళాశాల ఏర్పడెను. నేడు ఆదోని, ఎమ్మిగనూరులలో పంటి ఎక్స్‌రే తీయించుకొనుట కష్టము కాదు. కష్టమెల్ల, తీయించుకొనవలెనను తలంపు కలుగుటయే.

కావున పాఠకులు ఈ నాలుగు గుర్తులు మరువరాదు: పుచ్చులేని పన్ను కారణము లేక కదలుట, దవడ వాపు వారములు గడచినను తగ్గక పెరుగుట, క్రిందిపెదవి లేక గడ్డము మొద్దుబారుట, పన్ను పీకిన గాయము మానకుండుట. ఇవి కనిపించిన వారిలో పెక్కుమందికి క్యాన్సరు ఉండదు. అయినను పన్ను పీకించుటకు ముందు ఎక్స్‌రే తీయించుట, అనుమానమున్నచో ముక్కపరీక్షకు వెనుదీయకుండుట వివేకము. ఈ వ్యాధిలో కాలమే ప్రాణము.