పాకం తొడుక్కున్న పండూ, ఓ రాజుగారి కథా

డైటింగు మొదలుపెట్టిన ప్రతివాడికీ రాత్రి తొమ్మిదయ్యేసరికి ఏదో ఒక తీపి గుర్తొస్తుంది. మా ఆఫీసులో సగంమంది పరిస్థితి ఇదే. ఐస్‌క్రీము వద్దు, గులాబ్‌జాము అసలే వద్దు, అలాగని ఉత్త పండు తింటే తీపి తిన్నట్టుండదు. ఇలాంటి వాళ్ళకోసమే అన్నట్టు కొన్నేళ్ళుగా యూట్యూబులో ఒక చిట్కా తిరుగుతోంది. ద్రాక్షపళ్ళో స్ట్రాబెర్రీలో ఫ్రీజర్లో గడ్డకట్టించి, బాగా ముదిరిన పాకంలో ముంచి తీయడం. పైన గాజుపెంకులా ఫెళ్ళుమనే చక్కెర, లోపల మంచుముద్దలాంటి పండు. "లైట్ డెజర్ట్" అని దానికో బిరుదు. నేనూ చేసుకు తిన్నాను, బాగానే ఉంది. అయితే ఈ టపా వంట గురించి కాదు, దాంతోపాటు వడ్డించే కథ గురించి.

ఈ తిండికి మూలం చైనావాళ్ళ తంగ్‌హులు. తంగ్ అంటే చక్కెర, హులు అంటే సొరకాయ. పుల్లకి పైన చిన్నకాయ, కింద పెద్దకాయ గుచ్చితే సొరబుర్రలా కనిపిస్తుందని ఆ పేరు వచ్చిందంటారు. అసలు తంగ్‌హులులో ద్రాక్షా స్ట్రాబెర్రీ ఉండవు. షాన్‌జా అనే ఎర్రటి పుల్లకాయలుంటాయి. మన రేగుపండంత ఉంటాయి, నోట్లో పెట్టుకుంటే కళ్ళు మూతపడేంత పులుపు.

ఇక కథ. దక్షిణ సోంగ్ వంశపు చక్రవర్తి గ్వాంగ్‌జోంగ్ (పాలన 1189–1194) రాణిగారికి జబ్బు చేసిందట. ఏ మందూ పనిచెయ్యలేదట. ఎవరో వైద్యుడొచ్చి షాన్‌జా కాయల్ని చక్కెరతో ఉడికించి భోజనానికి ముందు ఐదో పదో తినమన్నాడట. ఆవిడ లేచి కూర్చుందట. అదే జనంలోకి పాకి పుల్లలకెక్కిందట. ఇన్ని 'ట'లు ఎందుకు పెట్టానో చెబుతాను.

గ్వాంగ్‌జోంగ్ రాజధాని లిన్‌ఆన్, అంటే ఇప్పటి హాంగ్‌జౌ. అది దక్షిణాన ఉంది. తంగ్‌హులు పేరు చెబితే ఎవరికైనా గుర్తొచ్చేది బీజింగు, ఇంకా పైకెళ్తే హార్బిన్. ఆ రాజుగారి కాలంలో బీజింగు ఆయన చేతిలోనే లేదు, జుర్చెన్ల జిన్ రాజ్యంలో ఉంది. పైగా చక్కెరతో ఉడికించిన కాయ వేరు, పాకంలో ముంచి చలిలో బిగబట్టించిన కాయ వేరు. మొదటిది మురబ్బా. రెండోది కావాలంటే ఉత్తరాది చలి ఉండాలి.

కథ పక్కన పెట్టి సరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తే అసలు చరిత్ర ఇంకా రుచిగా ఉంటుంది. కాయ, చలి ఉత్తరానివి. చెరుకు మాత్రం దక్షిణాన పండుతుంది. ఆ చెరుకురసాన్ని మంచి చక్కెరగా మార్చే విద్య? దాన్లో మనవాళ్ళ చెయ్యుంది. 647లో తాంగ్ చక్రవర్తి తైజోంగ్ చక్కెర కాచే పద్ధతి నేర్చుకు రమ్మని మగధకి మనుషుల్ని పంపాడనీ, తర్వాత యాంగ్‌జౌ చెరుకుతో చేయిస్తే సరుకు ఇంకా మెరుగ్గా వచ్చిందనీ వాళ్ళ కొత్త తాంగ్ చరిత్రలోనే రాసుకున్నారు. (ఇది చదివి "తంగ్‌హులు మనదే" అని ఫార్వర్డు చెయ్యకండి బాబూ! కాచే విద్య వెళ్ళింది, పుల్ల వెళ్ళలేదు.) తర్వాత 1293కల్లా మహాకాలువ బీజింగుదాకా పూర్తయింది. దక్షిణాది సరుకులు పడవలెక్కి ఉత్తరానికి చేరే దారి ఏర్పడింది. చెరుకు, కాలువ, చలి కలిసి చేసిన తీపి ఇది. వీటిల్లో ఏ ఒక్కటి లేకపోయినా పుల్ల ఖాళీయే.

చలి ఎందుకంత ముఖ్యమంటే, ఇది మన ఉండపాకంతో అయ్యేపని కాదు. అరిసెల పాకం దాటి, పల్లీపట్టీ పాకం కూడా దాటి, సుమారు 150 డిగ్రీల దాకా వెళ్ళాలి. నీళ్ళల్లో వేసిన చుక్క పటుక్కున విరగాలి. అలాంటి పాకం చల్లారితే గాజు అవుతుంది. కానీ ఆ గాజుకి తడంటే పడదు, గాల్లో చెమ్మని పీల్చి జిగురైపోతుంది. బీజింగు చలికాలం చల్లగానూ ఉంటుంది, పొడిగానూ ఉంటుంది. బండివాడు గడ్డి చుట్టిన కర్రకి పుల్లలు గుచ్చి రోజంతా తిరిగినా పెంకు చెక్కుచెదరదు. మన విజయవాడలో ఫ్రీజర్లోంచి తీసిన ద్రాక్షకి నిమిషంలో చెమట పడుతుంది. అందుకే తుడిచి ముంచాలి, ముంచగానే తినాలి. (అంత వేడి పాకం చర్మానికి అంటుకుంటే ఊడదు, పిల్లల్ని దూరంగా ఉంచండి.)

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇది నిజంగా తేలికేనా? ఇంజనీరు బుద్ధి కదా, లెక్కేశాను. రెండు సెంటీమీటర్ల ద్రాక్షపండు ఉపరితలం సుమారు 12.5 చదరపు సెంటీమీటర్లు. అర మిల్లీమీటరు మందాన పాకం అంటితే దాదాపు ఒక గ్రాము చక్కెర. పది పళ్ళకి పది గ్రాములు, అంటే 40 క్యాలరీలు. పండులో ఉన్నది కలిపితే 70 చిల్లర. నెయ్యి లేదు, నూనె లేదు, మైదా లేదు. తేలికే! కానీ ఇక్కడో తిరకాసుంది. పెంకు ఒక మిల్లీమీటరైతే చక్కెర రెట్టింపు. పది పళ్ళు ఇరవై అయితే మళ్ళీ రెట్టింపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో రోజుకి 25 గ్రాములలోపు ఉంటే ఇంకా మంచిదన్న చక్కెర ఒక్క గిన్నెలో దాటిపోతుంది.

దక్షిణ కొరియాలో ఇదే జరిగింది. 2023లో అక్కడ తంగ్‌హులు పిచ్చి ఎంత ముదిరిందంటే, పిల్లలు తినే చక్కెర గురించి అడగటానికి ఆ అక్టోబరులో ఒక దుకాణాల గొలుసు పెద్దని వాళ్ళ పార్లమెంటు తనిఖీకి పిలిపించారు. మరుసటి ఏడాదికి చాలా కొట్లు మూతపడ్డాయి.

నాకు నచ్చనిది తీపి కాదు, తీపికి రాజవైద్యుడి చీటీ అంటించడం. "పూర్వం మందుగా వాడేవారు" అంటే చాలు, మనం లెక్కపెట్టడం మానేస్తాం. ఆ కథలో వైద్యుడు కూడా ఐదో పదో అన్నాడుగానీ గిన్నెడు అనలేదు కదా!

1993లో వచ్చిన 'ఫేర్‌వెల్ మై కాంక్యుబైన్' సినిమాలో నాటకాల బడిలో దెబ్బలు తినే ఒక పిల్లాడుంటాడు. పెద్ద నటుణ్ణయితే రోజూ తంగ్‌హులే తింటానంటాడు. చివరికి దెబ్బల భయంతో ఉన్న పుల్లలన్నీ నోట్లో కుక్కుకుని ఉరేసుకుంటాడు. ఆ పిల్లాడికి "లైట్ డెజర్ట్" అంటే అర్థమయ్యేది కాదు. తీపి అందని కాలంలో పుల్ల ఒక కల. తీపి ఎక్కువైన మన కాలంలో అదే పుల్ల డైటింగు. పుల్ల మారలేదు, మన కడుపులు మారాయి.

కాబట్టి చేసుకోండి, తినండి. పది లెక్కపెట్టుకుని తినండి. రాణిగారి జబ్బు సంగతి మాత్రం రాణిగారికే వదిలెయ్యండి.