బొగ్గు దీపము, దాని వెల



మన బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల నేల త్రవ్విన నల్లరేగడియు ఇసుకయు కనబడునే కాని బొగ్గు కనబడదు. అయినను మన యిండ్ల దీపములు చాలవరకు బొగ్గువలననే వెలుగుచున్నవి. ఆ బొగ్గు ఎచ్చటిది? దాని వెల నెవరిచ్చుచున్నారు? ఈ రెండు ప్రశ్నలను గూర్చి మనవి చేయుదును.

1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు డాక్టరు విలియం కింగు ఇల్లెందు చెంత బొగ్గును కనిపెట్టెను. జనులు ఆ యూరిని బొగ్గుట్ట యనిరి. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ ఏర్పడి తవ్వు హక్కు పొందెను. 1889లో తవ్వకము మొదలయ్యెను. ఆ యేడే నిజాము రైలుమార్గము బెజవాడను చేరెను. 1920లో ఆ కంపెనీ స్థానమున సింగరేణి కాలరీస్ కంపెనీ వెలసెను.

ఆ బొగ్గును నూరుపాళ్లు కాల్చిన ఇంచుమించు ముప్పదిపాళ్లో, అంతకు మించియో బూడిద మిగులును. బొగ్గును దూరము తరలించుట యన బూడిదకు గూడ రైలుకూలి యిచ్చుటయే. విద్యుత్తు తీగవెంట పోగలదు. కనుక గని చెంతనే కేంద్రము కట్టుట లాభము. అయితే ఆవిరిని మరల నీరుగా మార్చుటకు చల్లని నీరు సమృద్ధిగా కావలెను. అందుచేత కొత్తగూడెము గనుల చెంత పాల్వంచలో, కిన్నెరసాని నీటి యాధారమున, 1966లో 60 మెగావాట్ల తొలి యంత్రము నడచెను. గోదావరి ప్రాంతమున రామగుండమందు 1971లో 62.5 మెగావాట్ల యంత్రమును, 1983లో జాతీయ సంస్థవారి 200 మెగావాట్ల యంత్రమును వచ్చెను.

మన కృష్ణ యొడ్డున పద్ధతి మారెను. ఇబ్రహీంపట్నమున నది గలదు, గని లేదు. కావున బొగ్గే రైలెక్కి నీటి చెంతకు వచ్చెను. దివిసీమను ముంచిన 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు రెండేండ్ల పిమ్మట, 1979లో, అచ్చట 210 మెగావాట్ల తొలి యంత్రము ప్రారంభమయ్యెను. విద్యుత్ బోర్డు అధ్యక్షులుగా నుండిన, గుడివాడ చెంతనున్న కౌతవరము వారైన డాక్టరు నార్ల తాతారావుగారి పేరే నేడా కేంద్రమునకు గలదు.

ఇక వెల మాట. కాలువ చివరనున్న మనము ఎగువవారు వాడిన నీటిని ఏటేట లెక్కింతుము. తీగ చివరనున్నప్పుడు మాత్రము ఎగువను మరచితిమి. అచ్చట బొగ్గు దుమ్ము పట్టిన కార్మికుని ఊపిరి, ఉపరితల గనులలో కలసిపోయిన పల్లెల పొలములు, బూడిద చెరువుల ప్రక్కని యూళ్ల అవస్థ, ఇవి మన దీపమునకు మొదటి వెల. రెండవది మనమే చెల్లింపవలసియున్నది. పొగలోని బొగ్గుపులుసు వాయువు భూమి వేడిమిని హెచ్చించుచున్నదనియు, అందువలన సముద్రమట్టము పెరుగుచున్నదనియు శాస్త్రము నిర్ధారించినది. కడలి యంచున పల్లమున నున్న దివిసీమకు ఇది దూరపు మాట కాదు.

పాల్వంచలోని పాత కేంద్రపు చల్లార్పు గోపురములు ఎనిమిదింటిని 2024 ఆగస్టులో కూల్చివేసిరి. అయినను ఆ ప్రాంగణముననే 2018లో 800 మెగావాట్ల యంత్రము వచ్చియున్నది. ఇబ్రహీంపట్నమునను 2023లో అంతటిదే చేరినది. బొగ్గు కాలము ముగిసెననుట తొందరపాటగును.

బొగ్గును నిందించుట నా యుద్దేశము గాదు. నేను చదువు చెప్పిన బాలురు ఆ దీపము క్రిందనే పాఠములు వల్లించిరి. ఆ ఋణమును గుర్తెరుగుట ధర్మము. మీ గ్రామమునకు విద్యుద్దీపము వచ్చిన యేటి ముచ్చట మనుమలకు చెప్పునపుడు ఇల్లెందు పేరును, గనిలో దిగినవారి మాటయు గూడ చెప్పుడు. మనుష్యుడు లేని గదిలో దీపము వెలుగుచున్నచో వారిచేతనే ఆర్పించుడు.

సెలవు.