చేపలు, రొయ్యల మేత: గుళిక నాణ్యతను చెరువు గట్టుపైనే పరీక్షించడమెలా?

ఆక్వా సాగు పెట్టుబడిలో సగానికి పైగా మేతకే వెచ్చించవలసి వస్తుంది. మేత బస్తాపై మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ శాతాలు ముద్రించి ఉంటాయి. వాటిని నిర్ధారించుకోవాలంటే ప్రయోగశాల అవసరం. ఆ పోషకాలు రొయ్య నోటిదాకా చేరతాయా, నీటిలోనే కరిగిపోతాయా అన్నది మాత్రం గుళిక భౌతిక నాణ్యతపై ఆధారపడి ఉంటుంది. దాన్ని పరీక్షించడానికి జల్లెడ, చిన్న త్రాసు, గాజు గ్లాసు, గడియారం ఉంటే చాలావరకు సరిపోతుంది.

చేప, రొయ్య తినే తీరు ఒకటి కాదు. చేప సాధారణంగా గుళికను నోటితో అందుకొని మింగేస్తుంది. రొయ్య చెరువు అడుగున తిరుగుతూ, వాసన పట్టి, గుళికను కాళ్లతో పట్టుకొని కొద్దికొద్దిగా కొరుక్కు తింటుంది. అందువల్ల రొయ్యల మేత చల్లిన వెంటనే మునగాలి, కనీసం రెండు గంటలపాటు విడిపోకుండా నిలవాలి. చేపలకు వాడే తేలే మేత నీటిపైనే ఉండాలి. చేపలు ఎంత తింటున్నాయో రైతుకు కంటితో కనిపించడమే దాని ప్రధాన ప్రయోజనం. కొల్లేరు పరిసరాల్లో కార్పు చేపలకు తవుడు, నూనెచెక్కలను చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి కర్రలకు కట్టే పద్ధతిలో గుళిక ప్రసక్తే లేదు.

చెక్ ట్రే చెప్పే లెక్క

రొయ్యల చెరువులో మేత ఎంత వేయాలో నిర్ణయించేది చెక్ ట్రే. ట్రేలో కొంత మేత ఉంచి, నిర్ణీత సమయం తర్వాత పైకి తీసి చూస్తారు. మిగిలితే తర్వాతి పూట మేత తగ్గిస్తారు, ఖాళీ అయితే పెంచుతారు. గుళిక గట్టిగా ఉన్నప్పుడే ఈ లెక్క నమ్మదగినది. అరగంటకే విడిపోయే మేత అయితే రొయ్యలు తినకపోయినా ట్రే ఖాళీగానే పైకి వస్తుంది. మెత్తబడిన ముక్కలు ట్రే ఎత్తేటప్పుడు నీటితో పాటు జారిపోతాయి. రొయ్యలు బాగా తింటున్నాయని భావించి రైతు మేత పెంచుతాడు. పెంచిన మేత కూడా అడుగున బురదలో కలుస్తుంది. అక్కడ అది కుళ్లి అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్ పెరుగుతాయి, నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. చివరకు కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత ఖర్చయిందో చెప్పే ఎఫ్‌సీఆర్ పెరిగినప్పుడు నెపం విత్తనంపైనో, వాతావరణంపైనో పడుతుంది.

ఈ పొరపాటును గుర్తించడం కష్టం కాదు. రొయ్యలు లేని బకెట్‌లో అదే చెరువు నీరు పోసి, మరో ట్రేలో అంతే మేత వేసి, అంతే సమయం ఉంచి, అదే విధంగా పైకి తీయాలి. అందులో కూడా మేత కరిగిపోతే చెరువులోని ఖాళీ ట్రేను ఆకలికి గుర్తుగా తీసుకోరాదు. ట్రేలోకి వచ్చిన రొయ్యల పేగు నిండుగా ఉందో లేదో చూడటం మరో ఆధారం.

గ్లాసు పరీక్ష

నీటిలో నిలకడను చూడటానికి చెరువు నీటినే వాడాలి. ఉప్పదనం, ఉష్ణోగ్రత మారితే ఫలితమూ మారుతుంది. గ్లాసులో పది, పదిహేను గుళికలు వేసి అరగంటకు, గంటకు, రెండు గంటలకు గమనించాలి. నీరు త్వరగా మడ్డిగా మారినా, గుళికలు ఉబ్బి పగిలినా అది బలహీనమైన మేత. రెండు గంటల తర్వాత వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా అణగాలి, పిండిలా విడిపోకూడదు.

రాయిలా గట్టిగా ఉండటం కూడా మెచ్చదగిన గుణం కాదు. నానని గుళికను రొయ్య కొరకలేదు. దాని వాసన కూడా నీటిలోకి సరిగా వ్యాపించదు. ఆకారం చెడని గుళిక నుంచి సైతం నీటిలో కరిగే విటమిన్లు, అమైనో ఆమ్లాలు మెల్లగా బయటకు పోతుంటాయి. కనుక రెండు గంటల నిలకడ ఉందని మేతను ఒక్కసారిగా కుమ్మరించడం కంటే, రోజు మేతను పూటలుగా విభజించి వేయడమే మేలు.

మునిగే, తేలే గుణాన్ని వంద గుళికలు లెక్కించి నీటిలో వేసి చూడవచ్చు. లీటరు డబ్బాతో కొలిచినా స్థూలంగా తెలుస్తుంది: తేలే మేత సాధారణంగా లీటరుకు 500 గ్రాముల లోపు, రొయ్యల మేత 600 గ్రాములకు పైగా తూగుతుంది. ఉప్పునీటికి సాంద్రత ఎక్కువ కాబట్టి మంచినీటిలో మునిగే గుళిక అక్కడ తేలవచ్చు. తేలిన రొయ్యల మేత గాలివాటున ఒక మూలకు చేరి వృథా అవుతుంది.

పొడి లెక్క

గుళిక కంటే చిన్న కన్నులున్న జల్లెడలో కిలో మేతను జల్లించి, కింద పడిన పొడిని తూచాలి. మూడు శాతం పొడి ఉందంటే 25 కిలోల బస్తాకు 750 గ్రాములు, పది టన్నుల మేత వాడే పంటకు 300 కిలోలు. మేత ధర చెల్లించి నీటికి ఎరువు కొన్నట్టే. పొడి బస్తా అడుగుకు దిగుతుంది కాబట్టి మూతి దగ్గరి మేతను మాత్రమే పరీక్షిస్తే అసలు సంగతి తెలియదు. కొన్ని బస్తాల పైభాగం, మధ్య, అడుగు నుంచి తీసి కలిపిన నమూనానే పరీక్షించాలి.

రవాణాలో గుళిక ఎంతవరకు తట్టుకుంటుందో తెలుసుకోవడానికి కర్మాగారాల్లో తిరిగే పెట్టెను వాడతారు. జల్లించిన 500 గ్రాముల గుళికలను నిమిషానికి 50 చుట్ల చొప్పున పది నిమిషాలు తిప్పి, మళ్లీ జల్లిస్తారు. మిగిలిన నిండు గుళికల శాతమే దృఢత్వ సూచిక.

ముడి సరుకును ఎంత మెత్తగా మర పట్టారు, ఆవిరితో ఎంతసేపు ఉడికించారు అన్నవి ఈ ఫలితాలను ప్రధానంగా శాసిస్తాయి. ఆవిరి వేడికి పిండిపదార్థం జిగురుగా మారి రేణువులను పట్టి ఉంచుతుంది. గోధుమ పిండిలోని గ్లూటెన్ దానికి తోడవుతుంది. అచ్చుకు ముందే మిశ్రమంలో నూనె ఎక్కువైతే ఈ పట్టు సడలుతుంది. గుళికపై అడ్డ పగుళ్లు కనిపిస్తే ఆరబెట్టడంలో తొందరపడ్డారని అనుమానించవచ్చు. రంగు మాత్రం నమ్మదగిన ఆధారం కాదు. ముడి సరుకును బట్టి అది మారుతుంటుంది.

మంచి గుళిక కూడా గోదాములో చెడిపోవచ్చు. బస్తాలను నేలపై కాకుండా చెక్క బల్లలపై, గోడకు తగలకుండా పేర్చాలి. వాటిపై నడవడం, విసరడం వల్ల పొడి పెరుగుతుంది. తేమ 12 శాతం దాటితే బూజు పట్టే ప్రమాదం ఎక్కువ. బూజు వాసన వచ్చిన మేతను ఎండబెట్టి వాడటం సురక్షితం కాదు, ఎండకు విషపదార్థాలు పోవు.

చేపలు, రొయ్యల మేతకు భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో మేత నాణ్యత నియంత్రణకు 2020లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఫిర్యాదు చేయదలచిన రైతు వద్ద బిల్లు, బస్తాపై ఉన్న బ్యాచ్ నంబరు, తయారీ తేదీలతో పాటు అదే బ్యాచ్‌కు చెందిన తెరవని బస్తా ఒకటి ఉండటం అవసరం. తెరిచిన బస్తాలోని లోపం కర్మాగారంలో ఏర్పడిందో, చెరువు గట్టున ఏర్పడిందో తేల్చడం కష్టం.