మేక బొమ్మ, యాసిడ్ తొట్టి: లక్ష్మా గౌడ్ గారి ప్రింట్ల కథ

పటాన్‌చెరులో యాసిడ్ అనగానే మనకు ఫ్యాక్టరీలు, నక్కవాగు నీళ్లు గుర్తొస్తాయి. ఇవాళ్టి ఎపిసోడ్ మాత్రం యాసిడ్‌తో బొమ్మలు చేసిన మన పాత మెదక్ జిల్లా మనిషి గురించి.

కలాల్ లక్ష్మా గౌడ్ గారు 1940లో నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి, బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. ప్రింట్‌మేకింగ్ అక్కడే పట్టుబడింది. 2016లో పద్మశ్రీ వచ్చింది.

ఈయన్నే ఎందుకు పట్టుకున్నానంటే, షిఫ్ట్ అయ్యాక నేనూ బొమ్మలేస్తా. ముందే అంతా ప్లాన్ చేస్తే బొమ్మ బిగుసుకుపోతుంది. చెయ్యి పోయినట్టు పోనిస్తే సగంలో కాగితం చింపేస్తా. రెండేళ్లుగా ఒక్క మేక పూర్తి కాలేదు. ఆయన బొమ్మల్లో చూస్తే మేకలే మేకలు!

సరే, ఎచింగ్ ఎలా చేస్తారో చూద్దాం. లోహపు ప్లేటుకు మైనం లాంటి పూత పూస్తారు. దాని మీద సూదితో గీస్తారు. సూది మెత్తగా జారుతుంది కాబట్టి అక్కడ చేతికి స్వేచ్ఛ. తర్వాత ప్లేటు యాసిడ్‌లోకి వెళ్తుంది, గీత పడి పూత పోయిన చోటే లోహాన్ని తింటుంది. ఎక్కువసేపు ఉంచితే గీత లోతవుతుంది, ఇంకు ఎక్కువ పట్టి నల్లగా పడుతుంది. సన్నగా ఉండాల్సిన గీతల్ని మధ్యలో తీసి, వార్నిష్‌తో మూసి, మళ్లీ ముంచాలి. ఇక్కడ గడియారం చూడకపోతే పని చెడుతుంది. పైగా అచ్చులో కుడి ఎడమవుతుంది.

ఆయన గాజు మీద వెనక నుంచి కూడా బొమ్మలు వేశారు. అందులో ఇంకా తమాషా: మామూలుగా చివర్లో పెట్టే కంటి చుక్క ముందు పెట్టాలి, వెనకాల రంగు ఆఖరికి. తప్పు పడితే పైన రంగేసి కప్పలేం.

ఊరి మనిషి కాబట్టి ఆ గీత పుట్టుకతోనే వచ్చిందని కొందరంటారు. నాకైతే అది సగం మాటే అనిపిస్తుంది. చెట్లు, మేకలు, మనుషులు ఊరివే కావొచ్చు. ఎంతసేపు ముంచాలో మాత్రం ప్లేట్లు పాడుచేసుకుంటేగానీ రాదు కదా.

నిన్న రాత్రి పాత కిటికీ అద్దం తుడిచి, మేక కన్ను ముందు పెట్టా. ముఖం ఎటు తిప్పాలో ఇంకా తేలలేదు.