ప్రింరోజ్, కౌస్లిప్: ఒకే జాతియా, రెండు జాతులా?

ఇంగ్లండులో వసంతకాలమున పూసే అడవిపూలలో ప్రింరోజ్, కౌస్లిప్ అనేవి దగ్గర చుట్టాలు. ప్రింరోజ్ చెట్ల నీడలో, గట్ల మీద పెరుగుతుంది; సన్నని కాడకు ఒక్కొక్కటే లేతపసుపు పువ్వు. కౌస్లిప్ ఎండ తగిలే పచ్చికబయళ్లలో పెరుగుతుంది. పొడవైన కాడ చివర ముదురుపసుపు చిన్నపూలు గుత్తిగా తల వాల్చి ఉంటవి. ఇంత భేదమున్నా లిన్నేయస్ 1753లో రెండింటినీ ప్రిములా వేరిస్ అనే ఒకే జాతిలో చేర్చినాడు.

అందుకు ఆధారము లేకపోలేదు. రెండూ కలసి పెరిగేచోట ఆక్స్‌లిప్ అనే మధ్యరకపు మొక్క కనిపిస్తుంది. పైగా కేంబ్రిడ్జి వృక్షశాస్త్రాచార్యుడు హెన్‌స్లో, తన తోటలోని కౌస్లిప్ విత్తనముల నుండి ఆక్స్‌లిప్‌లూ, ఒక ప్రింరోజూ మొలిచినవని 1830లో ప్రకటించినాడు. ఆయన శిష్యుడే చార్లెస్ డార్విన్. 1859లో "జాతుల ఉత్పత్తి" గ్రంథములో డార్విన్ ఈ మొక్కల వాసన, పూతకాలము, నివాసము వేరని ఒప్పుకొంటూనే, ఇవి ఒకే జాతి రకములని తీర్పు చెప్పినాడు. జాతికీ రకమునకూ నడుమ గట్టి గోడ లేదనే ఆయన వాదమునకు ఇది చక్కని ఉదాహరణ.

అయితే ఆయన అక్కడ ఆగలేదు. ఈ రెండు మొక్కలలోనూ పువ్వులు రెండు విధములు: కొన్నింటిలో కీలము పొడవు, పరాగకోశములు గొట్టములో క్రిందుగా ఉంటవి, మరికొన్నింటిలో ఇది తారుమారు. ఒక విధపు పుప్పొడి రెండవ విధపు కీలాగ్రము మీద పడితేనే గింజలు సమృద్ధిగా కట్టుతవని 1862లో డార్విన్ వెల్లడించినాడు. దీనితో పాత పరీక్షలన్నీ అనుమానాస్పదమైనవి. గింజలు తగ్గితే అది జాతిభేదము వల్లనో, ఒకే విధపు పువ్వులను కలపడము వల్లనో ఎట్లా తెలుస్తుంది? కీటకములను అడ్డకపోతే విత్తనము తండ్రి ఎవరో అసలే చెప్పలేము.

అందుచేత డార్విన్ మొక్కలకు వలలు కప్పి, సరియైన విధపు పువ్వులనే ఎన్నుకొని ప్రింరోజునూ కౌస్లిప్‌నూ సంకరము చేసినాడు. అవి నిజముగా ఒకే జాతివైతే గింజలు తగ్గరాదు. కాని చాలా తగ్గినవి. సాధారణ ఆక్స్‌లిప్‌లు కూడ బహుస్వల్పముగా గింజ కట్టినవి. 1868లో ఆయన తన పాత తీర్పును త్రిప్పివేసినాడు: ఇవి రెండు జాతులు, ఆక్స్‌లిప్ వాటి సంకరము.

ఇక్కడ పేరుతో ఒక చిక్కు ఉన్నది. ఎస్సెక్స్‌లోని బార్డ్‌ఫీల్డ్ వద్ద పెరిగే మరొక ఆక్స్‌లిప్ సంకరము కాదని, ప్రత్యేక జాతియని హెన్రీ డబుల్‌డే 1842లోనే చూపినాడు. డార్విన్ కూడ దానిని అంగీకరించినాడు. నేడు ఆక్స్‌లిప్ అనే పేరు ఆ జాతికే చెల్లుతుంది. సంకరపు మొక్కను వృక్షశాస్త్రజ్ఞులు కపట ఆక్స్‌లిప్ అంటారు.