చెఱువు కట్ట – ఊరి కట్టుబాటు

చెఱువును త్రవ్వించుట యొక యెత్తు, నిలుపుకొనుట యొక యెత్తు. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెఱువును విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు త్రవ్వించెను. క్రీ.శ. 1369 నాటి దాని శాసనము మంచి చెఱువునకు పండ్రెండు అంగములను, విడువదగిన ఆఱు దోషములను చెప్పుచున్నది. అంగములలో మొదట పేర్కొన్నది నేలను గాదు, నీటిని గాదు, ధర్మపరుడైన ప్రభువును. చెఱువు రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట దోషములలో నొకటి. పాలన చెడినచో నీరుండియు ఫలము లేదని పూర్వు లెఱిగిరి.

చెఱువు కట్టించి కాపాడువారికి దశబంధ మాన్యము లుండెను. నీరుగంటివాడు వంతుల చొప్పున మడులకు నీరు పాఱించెడివాడు; వానికి కళ్లములోనే మేర ముట్టెడిది. కట్ట మరమ్మతునకు రైతులే కూడివచ్చెడివారు. దానినే కుడిమరామత్తు అనిరి. కాలక్రమమున ఈ కట్టుబాటు సడలెను. 1858లో మద్రాసు రాజధానియందు ఆ యాచారపు పనిని చట్టముచే నిర్బంధింపవలసి వచ్చెను.

1997 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము ఆయకట్టు రైతులెన్నుకొను నీటి వినియోగదారుల సంఘములకు దారి చూపెను. అయినను సంఘమున్నంత మాత్రమున తూములోని పూడిక పోదు. చివరి మడికి వంతు నీరు చేరిననాడే ఆ సంఘము సార్థకము. కట్టకు మన్ను ఎవరైనను పోయవచ్చును. కట్టుబాటును మాత్రము ఊరివారే నిలుపుకొనవలయును.